కాటా చీటీ మీద ముసలామె

రోజూ రాసే అలవాటు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నాది వట్టి ఆరంభశూరత్వం. ప్రతి జనవరిలో ఒక డైరీ కొనడం, నాలుగు రోజులు ఊపుగా రాయడం, ఆ తర్వాత ఒక పొద్దున చపాతీ పిండి తడుపుతూ "రేపు రాద్దాంలే" అనుకోవడం. ఆ రేపు మళ్ళీ జనవరిలోనే వచ్చేది. డైరీల్లో మిగిలిపోయిన తెల్లకాగితాలు మిరపకాయ బజ్జీల నూనె పీల్చడానికి బ్రహ్మాండంగా పనికొచ్చేవి. నా సాహిత్యం వల్ల మా ఇంటికి జరిగిన మేలు చాలాకాలం అదొక్కటే.

నేను కాలవ కింది క్యాంపులో పుట్టినదాన్ని. మా తాతలు కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర కాలవ కింద వరి మడులు వేసుకున్నారు. బడిలో చదివింది కన్నడం, తెలుగు అక్షరాలు దిద్దించింది మా అమ్మమ్మ. పెళ్ళయ్యాక బళ్ళారి గాంధీనగర్‌కు వచ్చాను, ఇక్కడే ఒక బడిలో పాఠాలు చెప్తున్నాను. మా అత్తవారిదీ తెలుగిల్లే, ఎన్నో తరాల నుంచి ఇక్కడివాళ్ళే. కానీ ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు గానీ చదివేవాళ్ళు లేరు. మా ఆయన సినిమా పోస్టరు మీద హీరో మొహం చూసి సినిమా పేరు చెప్పేస్తాడు. ఆ పేరే ఒట్టి అక్షరాల్లో రాసిస్తే అటు తిప్పి ఇటు తిప్పి నా చేతికే ఇస్తాడు.

ఇక మా అత్త. కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. కన్నడ బడికి కొన్నేళ్ళు వెళ్ళి మానేసిన మనిషి. సగం తెలుగు, సగం కన్నడం, సంతలో అయితే తురకం కూడా మాట్లాడుతుంది. ఒకరోజు పొద్దున్నే నేను పెన్ను పట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంటే వచ్చి నిలబడింది.

"ఏంది మే, గోడ మీద సినిమా ఏమన్నా ఆడ్తాండాదా?"

"మూడ్ రావట్లేదత్తా" అన్నాను.

"మూడంటే?"

"రాయాలంటే మనసు కుదరాలి గదా."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "పొద్దున్నే లేచి కసువు కొట్టి ముగ్గేస్తాండావు. దానికి మనసు కుదరల్లనా? వాకిలి ఉండాది, పిండి ఉండాది, వంగి ఏస్తాండావు. వంకర పోతే పోతాది. రేప్పొద్దున మళ్ళీ ఏసేదే గదా!"

ఫోన్‌లో ఎంతమంది ఉపన్యాసాలు విన్నానో, రాసే అలవాటు ఎలా చేసుకోవాలో ఎంతెంత పొడుగు వ్యాసాలు చదివానో! ఆమె నోటితో అన్న ఆ నాలుగు ముక్కలకు అవేవీ సరితూగవు. పైగా ఉత్త మాటతో వదల్లేదు. "రేపట్నించి ముగ్గేసినాక పొయ్యికాడికి రావద్దు. ఉప్పిట్టో ఉగ్గానో నేను చేసుకుంటా. నువ్వు రాసుకోపో" అంది. కోడల్ని పొయ్యి దగ్గర నుంచి లేపి పంపిన అత్త మా వీధిలో ఇంకెవరికైనా ఉందేమో నాకైతే తెలియదు.

డైరీల జోలికి మళ్ళీ పోలేదు. మా ఆయన సండూరు దగ్గర ఇనుప రాయి లారీలను తూకం వేసే కాటా దగ్గర పని చేస్తాడు. అక్కడ మిషన్‌లో వంకరగా అచ్చయి పనికిరాకుండా పోయిన చీటీలు కట్టలు కట్టలుగా ఇంటికి తెచ్చి పడేస్తాడు. ఒక పక్క లారీ నంబరు, బరువు. రెండో పక్క ఖాళీ. అరచేతి కంటే కాస్త పెద్ద కాగితం. దాని వెనక పక్క నిండితే ఆ రోజుకు నా పని అయినట్టే అని నాకు నేనే పెట్టుకున్నాను. డైరీ పేజీ చూస్తే గుండె జారేది గానీ ఇంత చీటీకి భయమేముంది? అత్త వంటింటి గోడకు మేకు కొట్టి ఒక వంపు తీగ వేలాడదీసింది, పాత కిరాణా అంగళ్ళలో బిల్లులు గుచ్చుతారే, అలాంటిది. రాయగానే చీటీ తెచ్చి దానికి గుచ్చేదాన్ని. దాచుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఈ ఇంట్లో తెలుగు లిపి ఎవరికొచ్చు కనుక! బళ్ళారిలో నాలాంటి తెలుగువాళ్ళు ఈ పొరపాటే చేస్తారు. కన్నడం చదివినవాళ్ళ కళ్ళకు తెలుగు అక్షరాలు కనబడవని ఒక గుడ్డి నమ్మకం.

అలా కుదిరింది అలవాటు. నీళ్ళొచ్చే రోజే కష్టం. మా వీధికి నీళ్ళు ఎప్పుడొస్తాయో వాల్వు తిప్పేవాడికి తప్ప దేవుడికి కూడా తెలియదు. వచ్చాయంటే డ్రమ్ములు, బిందెలు, బకెట్లు, ఆఖరికి ఇడ్లీ పాత్ర కూడా నింపుకోవాల్సిందే. ఆ రోజుల్లో కూడా తడి చేతులతోనే ఎలాగోలా చీటీ నింపేదాన్ని. అత్త ఊరుకునేది కాదు. "ఈ పొద్దుది గుచ్చినావా?" అని గుమ్మంలోనే అడిగేది, బడికి బయల్దేరుతుంటే టిఫిన్ డబ్బా పెట్టుకున్నావా అని అడిగినట్టే.

చీటీల్లో నేను రాస్తున్నది ఒక ముసలామె కథ. బండ్రి దగ్గర కొండ కింద ఒంటరి ఇల్లు, నాలుగు మేకలు, వానాకాలంలో ఎర్రగా మారే బావి. ఊరు మాత్రమే మార్చాను. మనిషి అచ్చంగా మా అత్తే. ఆ కాలు ఈడ్పు, ఆ మాట, కూతురొస్తే కోడలికి తెలియకుండా బెల్లం ముద్ద కొంగులో కట్టివ్వడం, కోపమొస్తే ఎవరితోనూ మాట్లాడకుండా బియ్యంలో రాళ్ళు ఏరడం, అన్నీ ఆమెవే. కథ నడవక ఇబ్బంది పడ్డప్పుడల్లా వంటింట్లోకి తొంగి చూసేదాన్ని. ఏదో ఒకటి దొరికేది.

ఈలోగా అత్తకు కడుపునొప్పి మొదలైంది. మొదట వాము నమిలింది, తర్వాత వేణ్ణీళ్ళ సంచి పెట్టుకుంది, చివరికి ఒకరోజు పొయ్యి ముందే కూలబడింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. రకరకాల పరీక్షలు చేశారు. నేను మందుల కోసం కింద వరసలో నిలబడి వచ్చేసరికి మా ఆయన డాక్టరు గదిలోంచి బయటికొస్తున్నాడు.

"ఏం ల్యాదు. మామూలు గడ్డ. కోసి తీసేస్తే అయిపోతాది" అన్నాడు.

"ఖరేనా అప్పా?" అంది అత్త.

"ఖరేనేమ్మా. జల్ది చేయించుకోవల్లంట, అంతే."

ఆపరేషన్‌కు రోజు అనుకున్నారు. నాకు అనుమానమే రాలేదు. మామూలు గడ్డే అనుకున్నాను.

అత్త మంచం పట్టడంతో పొద్దున పని మొత్తం నా నెత్తిన పడింది. అలాంటి ఒక పొద్దున నీళ్ళు కూడా వచ్చాయి. పొయ్యి మీద అన్నం, కుళాయి కింద బిందె, చేతిలో ఖాళీ చీటీ. తొంగి చూద్దామంటే వంటింట్లో అత్త లేదు. బుర్రలో ఒక్క ముక్క లేదు. ఏం చేయను? ముసలామెను చంపేశాను. ఆమెకొచ్చింది చెడ్డ జబ్బని డాక్టరు ఇంట్లోవాళ్ళకు చెప్పినట్టు, వాళ్ళు ఆమె దగ్గర దాచిపెట్టి మామూలు గడ్డేనని చెప్పినట్టు, ఆమె నమ్మి ఆపరేషన్ బల్ల ఎక్కి కళ్ళు మూసుకున్నట్టు, మళ్ళీ తెరవనట్టు రాశాను. మా వైపు ఏ ఇంట్లోనైనా అంతే గదా, రోగికి తప్ప వీధి మొత్తానికి తెలుస్తుంది రోగమేంటో. బాగా కుదిరిందనుకున్నాను కూడా. తీగకు గుచ్చి, బిందె లోపల పెట్టి, బడికి పరుగెత్తాను.

మర్నాడు అత్త మొండికేసింది.

"ఆపరేషన్ బేడ. నేను రాను."

ఆడబిడ్డ గుంతకల్లు నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. పక్కింటావిడ వచ్చి తన ఆపరేషన్ కథంతా చెప్పి, కుట్లు కూడా చూపించి పోయింది. అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. కాస్త నొప్పి తగ్గినప్పుడు లేచి చేసిన పనులు చూస్తే నాకు మతి పోయింది. ఇంట్లో ఉన్న బొంతలన్నీ నానబెట్టింది. కూతురికి ఇస్తానన్న ఇత్తడి గంగాళం తోమించి గుడ్డ చుట్టి పక్కన పెట్టింది. నన్ను కూర్చోబెట్టి పుండికూర పచ్చడికి, అదే గోంగూర పచ్చడికి, మెంతులు ఎంత వేయాలో, ఎప్పుడు దించాలో అప్పజెప్పింది. "ఇంగ నువ్వే చేసుకోవల్ల గదా" అంది.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "పెద్దదానివి, చిన్నపిల్లలా ఈ మారాం ఏంటత్తా! రోజూ కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నావు. డాక్టరు ఆలస్యం చేయొద్దన్నాడు. మమ్మల్నందర్నీ చంపుకు తింటున్నావు" అని అరిచేశాను.

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. జాలిగా. "నువ్వు కూడా ఇట్లంటావనుకోల్యా" అంది.

ఆ ఆదివారం పొద్దున నేను ఉప్పిట్టు కలుపుతున్నాను. అత్త కాలీడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చి, తీగ దగ్గర నిలబడి, పై చీటీలు కొన్ని తీసి, ఒకటి ఏరి చేతిలో పట్టుకుంది. కిటికీ వెలుతురుకు పెట్టి, అక్షరం కింద వేలు పెట్టింది.

"ము... స... లా... మె... క... ళ్ళు... మూ... సు... కు... నిం... ది."

గరిటె చేతిలోనే ఉంది. ఉప్పిట్టు అడుగంటుతున్న వాసన వస్తోంది. ఇన్నేళ్ళు మాటలు రాని మనిషి ఉన్నట్టుండి మాట్లాడితే ఎంత దడుచుకుంటామో అంత దడుచుకున్నాను. పొయ్యి ఆమే కట్టేసింది.

"అత్తా... నీకు తెలుగు చదవడం వచ్చా?"

"ఏముండాది దాంట్లో? అంతా కన్నడమే గదా. నెత్తిన ఒక టిక్కు పెట్టినారు. క, త, శ మాత్రం తిక్క తిక్కగా ఉంటాయి. గుంతకల్లు బస్సు బోర్డు చూసి నేర్చుకుంటి. సినిమా బొమ్మల కింద రాసింటారు, అవి చూసి నేర్చుకుంటి."

"ఎప్పటినుంచి చదువుతున్నావు ఇవి?"

"మొదట్నించి. నువ్వు బడికి పోయినాక నాకూ పొద్దు పోవల్ల గదా. అందుకే గదా రోజూ గుచ్చినావా, గుచ్చినావా అని అడిగేది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఈడ్చే కాలు చదివింది. కొంగులో బెల్లం ముద్ద చదివింది. అలిగి రాళ్ళు ఏరడం చదివింది. చదివి, ఒక్క మాట అనకుండా, మర్నాడు మళ్ళీ పొయ్యి దగ్గర నుంచి నన్ను లేపి రాసుకోపొమ్మంది. సిగ్గుతో నేల చీలితే బాగుండుననిపించింది. కానీ ఆమె వచ్చింది దాని గురించి కాదు.

"వాడు ఏం ల్యాదంటాడు. పాప గుంతకల్లు నుంచి ఫోన్ చేసి ఏం ల్యాదంటాది. పక్కింటామె వచ్చి ఏం ల్యాదంటాది" అంది చీటీ మీద వేలు అలాగే ఉంచి. "మీ మామ పోయేటప్పుడు మేమూ ఇట్లనే అంటిమి. ఏం ల్యాదు, ఏం ల్యాదు అని. ఆయప్ప నన్నే అడిగె, నీ మీద ఒట్టు ఏం ల్యాదు అంటి. ఆ పాట నాకు తెల్సు పాపా. ఈ ఇంట్లో నాకు ఖరే మాట చెప్పింది నువ్వొక్కదానివే. నోటితో చెప్పల్యాక రాసినావు. నీకు పుణ్యముంటాది."

"అయ్యో అత్తా! అది కథ! నేను కల్పించాను! నా మీద ఒట్టు, డాక్టరు నాకేమీ చెప్పలేదు" అని ఆమె చేతులు పట్టుకున్నాను.

"నా కాలు ఈడ్చేది రాసినావు. సుళ్ళా? అబద్ధమా? కాదు గదా. నా బెల్లం రాసినావు, నా నోట్లో మాట రాసినావు. అన్నీ ఖరేనే. ఇదొకటే సుళ్ళా?" చీటీని మళ్ళీ తీగకు గుచ్చింది. "బల్ల మీద పోయేదానికి ఆస్పత్రికి ఏటికి? ఇంట్లోనే పోతా."

నిజం లాగా రాయాలని ఎంత తాపత్రయపడ్డానో అంతకు అంతా నా మెడకే చుట్టుకుంది. నేను తోచక రాసిన ఒక్క చీటీ వల్ల ఒక మనిషి బతకడానికి ఉన్న దారి మూసేసుకుని కూర్చుంది. నేను కాదన్న కొద్దీ ఆమె నమ్మకం గట్టిపడుతోంది.

సాయంత్రం మా ఆయన పని నుంచి వచ్చి పెరట్లో కుళాయి కింద మొహం కడుక్కుంటున్నాడు. సండూరు దుమ్ము, ఎర్రటి నీళ్ళు కాలువలోకి పోతున్నాయి. పోయి చెప్పాను. మీ అమ్మకు తెలుగు వచ్చట తెలుసా, నా కథ చదివిందట, తనకొచ్చింది చెడ్డ జబ్బు, మనమంతా దాస్తున్నాం అనుకుని భయపడి కూర్చుంది, నువ్వైనా వచ్చి నాలుగు చీవాట్లు పెట్టు అన్నాను. నవ్వుతాడనుకున్నాను.

అతను కుళాయి కట్టేశాడు. మొహం మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"నీకెవరు చెప్పినారు?"

"ఏమని?"

"డాక్టరు నీకు ఫోన్ చేసినాడా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్న సామెతను బడిలో పిల్లలకు ఎన్నిసార్లు వివరించానో! కళ్ళారా చూడడం అదే మొదటిసారి. పెరటి మెట్టు మీద కూర్చుండిపోయాను.

"క్యాన్సరంట" అన్నాడు మెల్లగా. "ఇంకా పాకల్యాదంటాండారు. జల్ది తీసేస్తే బతుకుతాదంట. కోసి చూస్తే గానీ ఏమీ చెప్పల్యామన్నాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు? నేను పరాయిదాన్నా?"

"నీకు చెప్తే రాస్తావు."

"రాస్తే? ఎవరికొచ్చు ఈ ఇంట్లో చదవడం?"

"గోడకు తగిలిస్తావు గదా. గోడకు తగిలించినాక ఎవరో ఒకరు చదువుతారు" అన్నాడు. పదో తరగతి గట్టెక్కని మా ఆయనకు ఉన్న తెలివి, తెలుగు కన్నడం రెండూ ఔపోసన పట్టిన నాకు లేకపోయింది. కోపం, దుఃఖం, భయం, మూడూ ఒక్కసారే వచ్చాయి. కోపం దాచినందుకు. దుఃఖం అత్త కోసం. భయం మాత్రం నా చేతి మీద నాకే. నేను ఊరికే రాసినవాటిలో సగం అప్పటికే నిజమై కూర్చుంది. ఇక మిగిలింది బల్ల.

మా ఆయన తువ్వాలుతో మొహం రుద్దుకున్నాడు. "నువ్వు రాసింది నమ్ముతాది గదా ఆమె. ఇంగొకటి రాసెయ్. ముసల్ది బతికింది, డాక్టర్లు పొరపాటు పడినారు, అది ఉత్త గడ్డే అని రాసి గుచ్చెయ్. రేపే ఆస్పత్రికి వస్తాది."

నా ఒక్క వాక్యం కూడా ఇంతవరకు చదవని మనిషి, కథ ఎలా నడవాలో చెప్తున్నాడు! "కథ ఎలా రాయాలో నువ్వా నాకు చెప్పేది!" అని గయ్యిమన్నాను. కానీ ఆలోచిస్తే వేరే దారి కనబడలేదు. ఆమె ఆస్పత్రికి రావాలి. అంతే. మర్నాడు పొద్దున ముగ్గు వేసి, కూర్చుని, రాశాను. ముసలామె కళ్ళు తెరిచింది. డాక్టరు నవ్వాడు. మేకలు అరిచాయి. తీగకు గుచ్చి, అత్త వింటుందని "గుచ్చానత్తా" అని కాస్త గట్టిగానే చెప్పాను.

ఆమె వచ్చి చదివింది. చాలాసేపు పట్టింది. తర్వాత చీటీని వెలుతురుకు పెట్టి ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"ఇది వాడు రాయించినాడు గదా?"

"లేదత్తా, నేనే..."

"నీ చీటీలో కొట్టేసింది ల్యాకుండా ఒక్క రోజన్నా ఉండాదా మే? మూడు మాటలు రాస్తే రెండు కొట్టేస్తావు. వాటిని దాటుకుని చదివేదానికి నా ప్రాణం పోతాది. ఇదేంది, ఇంత నున్నగా ఉండాది? ఒక్క గీత ల్యాదు. ఇది నువ్వు రాసింది కాదు."

అంతే, నాకు ఏడుపొచ్చేసింది. పుస్తకాలు చదివిన ఏ పెద్దమనిషీ నన్ను ఇంతగా పట్టుకోలేదు. ఇంకొక్క అబద్ధం ఆడే ఓపిక నాలో లేదు. కింద చాప మీద ఆమెను కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, మా వైపు ఏ ఇంట్లోనూ కోడలు అత్త మొహం మీద అనని మాట అనేశాను.

"నీకొచ్చింది క్యాన్సరే అత్తా. ఆయనకు తెలుసు. నాకు నిన్న సాయంత్రమే తెలిసింది. ఇంకా పాకలేదన్నారట. తీసేస్తే బతకొచ్చట."

ఆమె చేతిలో చీటీని చిన్నగా, ఇంకా చిన్నగా మడిచింది. "నిన్ననా తెల్సింది?" అంది.

"నిన్ననే."

"అట్లయితే ముందే ఎట్ల రాసినావు?"

"అందరిళ్ళలో జరిగేదే గదా, అదే రాశాను. నీ గురించి అనుకోలేదు."

"మరి బల్ల మీద పోయేది? అది ఎవురు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి ఏటికి సంపినావు?"

చెప్పక తప్పలేదు. "ఆరోజు నీళ్ళొచ్చాయత్తా. నువ్వేమో మంచం మీదున్నావు. అన్నం పొంగుతోంది. ఏం రాయాలో తోచలేదు. చంపేస్తే చీటీ నిండిపోతుందని..."

అత్త నోరు తెరిచి నా వైపు చూసింది. ఇంతసేపు జబ్బు మాట విని కూడా చలించని మనిషి, ఈ మాటకు అదిరిపోయింది.

"చీటీ నిండల్యాదని నన్ను సంపేస్తివా?"

"తప్పయింది అత్తా."

"నీళ్ళొచ్చినాయని?"

"అవును."

"నీ తిక్క తగలెయ్య! నేను వారం దినాల నుంచి అన్నం నీళ్ళు మానేసి, బొంతలు నానబెట్టుకుని, యముడి కోసం ఎదురు చూస్తాండానే మే!" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. తర్వాత నవ్వు మొదలైంది. కడుపు పట్టుకుని నవ్వింది, నొప్పికి మూలిగింది, మూలుగుతూనే నవ్వింది. నవ్వి నవ్వి చివరికి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా ఆయన గుమ్మంలోకి వచ్చి ఏమైందని బిత్తరపోయాడు.

"నువ్వు సుమ్నె ఉండప్పా" అంది కళ్ళు తుడుచుకుని. "ఆస్పత్రికి ఎప్పుడు పోవల్లనో కనుక్కో. ఈ తిక్కదాని రాతకు నేను యాడ సచ్చేది?"

ఆపరేషన్ రోజు ఆమెను లోపలికి తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి చల్లగా ఉంది. తలుపులు మూశారు. బెంచీ మీద మా ఆయన, నేను. నా సంచిలో పెన్ను ఉంది, చీటీలున్నాయి. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక్క అక్షరం పెట్టలేదు. ముసలామె లేచిందని రాస్తే ఏమవుతుందో, లేవలేదని రాస్తే ఏమవుతుందో, అసలు ఆమె గురించే రాయకపోతే ఏమవుతుందో. పిచ్చి భయం అని తెలుసు. తెలిసినా చెయ్యి రాలేదు. చీటీలు మళ్ళీ సంచిలో పెట్టేశాను. అలవాటు మొదలైనప్పటి నుంచి ఖాళీగా పోయిన రోజు అదొక్కటే.

గడ్డ మొత్తం తీసేశామని, మిగతాది పరీక్ష వచ్చాక చెప్తామని డాక్టరు అన్నాడు. మర్నాడు పొద్దున అత్త కళ్ళు తెరిచింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తడి గుడ్డతో తుడిచాను. కాసేపటికి గొంతు పెగిలింది.

"నిన్నటిది యాడ?"

నాకు అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. "రాయలేదత్తా."

"ఏటికి?"

"భయమేసింది."

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. తర్వాత ఆగి ఆగి, ఒక్కో మాటా కూడదీసుకుని అంది.

"నాకూ అయింది భయం. అయినా నేను పోల్యాదా లోపలికి?"